తెలివి పెరగలేదు, పెట్టుబడి పెరిగింది

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం. పిల్లలు పడుకున్నాక రాత్రి గంటా గంటన్నర సివిలైజేషన్ 6 (రాజ్యం కట్టి నడిపే కంప్యూటర్ ఆట) ఆడటం ఏడాదిగా అలవాటు. ప్రిన్స్ లెవెల్లో ప్రతిసారీ నేనే గెలుస్తున్నాను. సగం ఆటకే ఫలితం తెలిసిపోయి విసుగొస్తోంది. మా బామ్మర్ది అన్నిటికంటే పై లెవెల్ డీటీలో ఆడతాడు. "బావా, ఇంకా ప్రిన్స్‌లోనే ఉన్నవా?" అని అందరి ముందూ నవ్వుతాడు. పోయిన నెల పంతం పట్టి నేరుగా ఇమ్మోర్టల్‌కి మార్చాను. స్టోన్‌హెంజ్ అనే వండర్ (పెద్ద కట్టడం) సగం కట్టానో లేదో, 31వ టర్న్‌లో పక్కనున్న మాంటెజుమా (కంప్యూటర్ ఆడించే అజ్టెక్ రాజు) వచ్చి రాజధాని లాక్కున్నాడు. అప్పటికి నా దగ్గర ఒక వారియర్ (మామూలు సైనికుడు), ఒక స్కౌట్ (దారులు వెతికేవాడు) ఉన్నారు. తర్వాత కింగ్‌లో రెండు ఆటలు మొదలుపెట్టి, స్కోరులో అందరికంటే వెనక ఉన్నానని 60వ టర్న్ దగ్గర రెండూ వదిలేశాను. కంప్యూటర్‌కి అంత తెలివి ఉంటే మనం పైకి వెళ్లి లాభమేంటి? ప్రిన్స్‌లోనే ఉండిపోనా? ఇంకో మాట, పాత సేవ్ తెరిచి మళ్లీ ఆడటం మోసమేనా?

జవాబు: ముందు మాంటెజుమా సంగతి చూద్దాం. అక్కడే మీ ఉత్తరంలో నాకు కొంచెం నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ఆ స్టోన్‌హెంజ్ నేనూ కట్టాను. సగం వరకే.

ప్రిన్స్ నుంచి ఇమ్మోర్టల్ అంటే మధ్యలో కింగ్, ఎంపరర్ రెండూ వదిలేసి మూడో మెట్టు మీదికి దూకడం. నేల విడిచి సాము అంటారే, అదే. పైగా మీకు పక్క ఊరు ఎవరిదో చూడండి. మాంటెజుమా దళంలో మామూలు వారియర్లు ఉండరు, ఈగిల్ వారియర్లు ఉంటారు. మన వారియర్ బలం 20 అయితే వాళ్లది 28. ఇమ్మోర్టల్‌లో కంప్యూటర్ సైన్యానికి ఊరికే ఇచ్చే 3 కలిపితే 31. వాడి భూమిలో రకానికొకటి చొప్పున లగ్జరీ వస్తువులు పెరిగేకొద్దీ ఆ అంకె ఇంకా పెరుగుతుంది. వాళ్ల చేతిలో ఓడిన మన సైనికుడు వాడికి బిల్డర్ అయ్యే అవకాశం కూడా ఉంది, అంటే మనవాడే వెళ్లి వాడి పొలం దున్నుతాడు. ఇంకా మాంటెజుమా స్వభావం ఒకటుంది: తన దగ్గర లేని లగ్జరీ ఎవరి దగ్గర ఉంటే వాళ్లంటే పడదు. మీ ఊరి చుట్టూ వాడికి లేని పట్టో, ద్రాక్షో ఉండి ఉంటుంది. ఒక వారియర్, ఒక స్కౌట్‌తో ఆ రోజు ఎవరు కూర్చున్నా ఓడిపోయేవాళ్లే. దాన్ని మీ సామర్థ్యానికి కొలతగా తీసుకోకండి.

ఇక అసలు ప్రశ్న, కంప్యూటర్ తెలివి. ఈ ఆటలో లెవెల్ పెంచితే కంప్యూటర్ ఎక్కువ ఆలోచించదు. ప్రిన్స్‌లో ఎలా ఆలోచిస్తుందో డీటీలోనూ అంతే. చదరంగం ప్రోగ్రాములు వేరు, అక్కడ లెవెల్ పెంచితే నిజంగానే ఇంకా లోతుగా లెక్క వేస్తాయి. ఇక్కడ పెరిగేది పెట్టుబడి. ప్రిన్స్‌లో మీకూ వాడికీ సమానం, ఎవరికీ ఏమీ అదనంగా రాదు. కింగ్‌లో వాడి ప్రొడక్షన్, బంగారం 20 శాతం ఎక్కువ. సైన్స్, కల్చర్, ఫెయిత్ 8 శాతం ఎక్కువ. యుద్ధబలం 1 ఎక్కువ. ఆపైన ఒక్కో మెట్టుకీ అంతే చొప్పున కలుపుకుంటూ పోండి. డీటీకి వచ్చేసరికి ప్రొడక్షన్, బంగారం 80 శాతం, సైన్స్ 32 శాతం, బలం 4. అన్నిటికంటే ముఖ్యమైనది మొదటి టర్న్‌లోనే ఇచ్చే సరంజామా. మీరు ఎప్పుడూ ఒక సెట్లర్ (కొత్త ఊరు వేసేవాడు), ఒక వారియర్‌తో మొదలుపెడతారు. ఎంపరర్‌లో, ఇమ్మోర్టల్‌లో వాడు ఇద్దరు సెట్లర్లతో, డీటీలో ముగ్గురితో దిగుతాడు. వారియర్లు కింగ్‌లో ఇద్దరు, అక్కడినుంచి మెట్టుకి ఒకడు చొప్పున డీటీలో ఐదుగురు.

మన పులిజూదం గుర్తుందా? గుడి అరుగు మీద గీసి ఉండేది, మూడు పులులు, పదిహేను మేకలు. ప్రిన్స్ దాకా మీరు ఆడింది ఇద్దరికీ సమానమైన పావులున్న ఆట. పై లెవెల్లో మీరు మేకల పక్షం. పులులు మొదటి నుంచీ బల్ల మీదే ఉంటాయి, మీ మేకలు ఒక్కొక్కటిగా దిగాలి. వెనక ఇల్లు ఖాళీ ఉంచి మేకని పెడితే పులి ఎగిరి కొట్టేస్తుంది. అలా ఐదారు పోయాక ఇక కట్టడానికి మేకలు ఉండవు. కానీ జాగ్రత్తగా, ఒకదాని వెనక ఒకటి ఆసరాగా పెట్టుకుంటూ వచ్చినవాడికి ఆట సగం దాటాక పులికి కదలడానికి దారే ఉండదు. సివిలైజేషన్‌లో పై లెవెల్ కథ ఇదే. వాడి బలమంతా ముందు ఉంటుంది. మీ బలం తర్వాత వస్తుంది, ఎందుకంటే క్యాంపస్ (సైన్స్ పెంచే డిస్ట్రిక్ట్, అంటే ఊరి పేట) ఎక్కడ పెట్టాలి, ఎవరితో స్నేహం చేయాలి, ఎప్పుడు యుద్ధం ఆపాలి అన్నవి వాడు మీ అంత బాగా చేయలేడు.

అందుకే కింగ్‌లో 60వ టర్న్ దగ్గర వదిలేశానంటే బాధేసింది. 60వ టర్న్‌లో వెనక ఉండటం ఆ లెవెల్లో మామూలు విషయం. మేకల్లో సగం ఇంకా చేతిలో ఉండగానే బల్ల తుడిచేసినట్టు. ఆ రెండు ఆటల్లో ఒకటైనా మీరు గెలిచేవారేమో, ఇప్పుడు తెలిసే దారి లేదు. స్కోరు పట్టీని కింగ్‌లో వందో టర్న్ దాకా చూడకండి. ఎంపరర్‌లో అయితే నూటయాభై దాకా.

ప్రిన్స్ మీకు చేసిన చెడు ఒకటుంది. ఏం చేసినా గెలుస్తాం కాబట్టి ఏది తప్పో తెలియదు. స్టోన్‌హెంజ్ కట్టినా గెలుస్తారు, కట్టకపోయినా గెలుస్తారు. సైన్యం లేకపోయినా ఎవరూ రారు. లెక్క చూడండి: స్టోన్‌హెంజ్‌కి 180 ప్రొడక్షన్, మొదటి సెట్లర్‌కి 80. రెండో సెట్లర్ ధర కొంచెం పెరుగుతుంది, అయినా ఆ రాళ్ల ఖర్చుతో దాదాపు రెండు ఊళ్లు వస్తాయి. ప్రిన్స్‌లో ఆ రెండు ఊళ్లు తర్వాతైనా వేసుకోవచ్చు, ఖాళీ జాగా మీకోసం ఆగుతుంది. ఇద్దరు సెట్లర్లతో దిగిన పొరుగువాడు పక్కనుంటే ఆగదు.

నా సంగతి చెబుతాను. ఎంపరర్‌లో వరుసగా ఓడుతున్న రోజుల్లో మా పాప పాత నోటుబుక్కు వెనక పేజీల్లో ఒక్కటే రాసేవాణ్ని: ఏ టర్న్‌లో ఏం తయారైంది. నాలుగో ఆట ఓడాక పేజీ తిరగేస్తే మొదటి సెట్లర్ 21, రెండో సెట్లర్ 47 అని ఉంది. మధ్యలో 26 టర్న్‌లు ఏం చేశానయ్యా అంటే, ఇంకో స్కౌట్, ఒక బిల్డర్, తర్వాత ఎవరో ముందే కట్టేసిన ఒక వండర్. ఆడుతున్నప్పుడు మాత్రం ఊపిరాడనంత బిజీగా ఉన్నట్టు అనిపించింది. కాగితం మీద చూస్తే ఖాళీగా కూర్చున్నట్టే. మీరు బ్యాంకులో పని చేస్తారు కాబట్టి లెడ్జర్ రాయమని మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క ఆటకి రాసి చూడండి.

మొదటి అరవై టర్న్‌లు ఎలా నడపాలో ఇప్పుడు చెబుతాను, కింగ్ లెవెల్ మనసులో పెట్టుకుని. మొదట స్కౌట్. తర్వాత స్లింగర్, అంటే వడిసెలతో రాళ్లు విసిరేవాడు. స్లింగర్ ఎందుకంటే, వాడితో ఒక్క శత్రువుని చంపితే ఆర్చరీకి యురేకా వస్తుంది, ఆ విద్య ఖర్చులో 40 శాతం మాఫీ. కాబట్టి బార్బేరియన్ (ఏ రాజ్యానికీ చెందని దోపిడీ మూకవాడు) ఒకడు కనబడితే వారియర్‌తో కొట్టి కొట్టి, చివరి దెబ్బ మాత్రం స్లింగర్‌తో వేయించండి. ఇది చిన్న విషయమే, కానీ చాలామంది తొందరలో వారియర్‌తోనే చంపేసి నాలిక కరుచుకుంటారు. నేనూ అంతే. యురేకాలన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొదట్లో వచ్చేవి నాలుగైదు చాలు: పొరుగు రాజ్యం కలిస్తే రైటింగ్, ఏదైనా వనరు మీద గని తవ్వితే వీల్, రాతి క్వారీ పెడితే మేసన్రీ, కల్చర్ వైపు మూడు జాగాలు బాగుచేస్తే క్రాఫ్ట్స్‌మన్‌షిప్. పై లెవెల్లో వాడికి ఉత్తపుణ్యానికి వచ్చిన 8 శాతం సైన్స్, కల్చర్‌లని మీరు వీటితోనే పూడ్చుకోవాలి.

స్లింగర్ తర్వాత సెట్లర్, ఆ తర్వాత ఇంకో స్లింగర్, మళ్లీ సెట్లర్. బార్బేరియన్ స్కౌట్ మీ ఊరిని చూసి పరుగెత్తితే వెంటబడి చంపండి. వాడు తిరిగి వాళ్ల శిబిరానికి చేరాడంటే గుంపు బయలుదేరినట్టే. కల్చర్‌తో ఎర్లీ ఎంపైర్ అనే మెట్టు వచ్చాక కొలనైజేషన్ అనే విధానం కార్డు వేస్తే సెట్లర్ల తయారీ 50 శాతం వేగం. యుద్ధం వచ్చేలా ఉంటే సైనిక కార్డుల గడిలో అగోగే కూడా వేయండి, అది వారియర్, ఆర్చర్ లాంటివాళ్లకి 50 శాతం. వందో టర్న్‌కి ఎనిమిది ఊళ్లుంటే మీరు కింగ్‌లో నిలబడ్డట్టే. పది ఉంటే ఎంపరర్ గురించి ఆలోచించొచ్చు. ఇది నేను నాకోసం పెట్టుకున్న లెక్క, మతం వేసుకునేవాళ్లో యుద్ధంతో గెలిచేవాళ్లో ఒప్పుకోకపోవచ్చు.

క్యాంపస్ గురించి ఒక్క ముక్క. మీరు విద్యలు నేర్చుకుంటూ పోయేకొద్దీ డిస్ట్రిక్ట్‌ల ధర పెరుగుతుంది. కానీ జాగా కేటాయించిన రోజున ఎంత ధర ఉంటే అంతే ఖాయం. కాబట్టి వీలైన వెంటనే కొండల పక్కన క్యాంపస్‌కి ముగ్గు పోసి పెట్టండి, కట్టడం తీరిగ్గా చేసుకోవచ్చు.

మళ్లీ మాంటెజుమా పక్కన తగిలితే? కలిసిన టర్న్‌లోనే 25 బంగారం పెట్టి డెలిగేషన్ పంపండి. ఆ రోజు పంపితే చాలాసార్లు తీసుకుంటాడు, నాలుగు రోజులాగి పంపితే మొహం చిట్లించి తిప్పి పంపిస్తాడు. అందుకే మొదట్లో వచ్చిన చిల్లర ఖర్చు పెట్టకుండా 25 పక్కన ఉంచుకోవాలి. మనసు కాస్త మెత్తబడ్డాక స్నేహ ప్రకటన అడగండి. ఒప్పుకున్నాడా, 30 టర్న్‌లు మీ మీదికి రాలేడు. మీ దగ్గర ఒకే లగ్జరీ రెండుంటే ఒకటి వాడికే అమ్మండి. లేనిది మీ దగ్గర ఉందన్న ఈర్ష్య తగ్గుతుంది, టర్న్‌కి ఇంత అని బంగారం కూడా ఇస్తాడు. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే, లెవెల్ పెరిగేకొద్దీ వాళ్ల చేతిలో బంగారం ఎక్కువ, అంటే మన సరుకు కొనడానికి డబ్బూ ఎక్కువే. వాడికి ఆట ఊరికే ఇచ్చిన సొమ్ము మెల్లగా మన గల్లాపెట్టెలోకి వస్తుంది. వాడి వేలితో వాడి కన్నే పొడవడం అంటే ఇదే.

అయినా వచ్చాడనుకోండి. అప్పుడు బయటికి వెళ్లి మైదానంలో కొట్టుకోకండి. ఊరికి ఆనుకుని గుట్ట ఒకటి చూసుకుని వారియర్‌ని ఎక్కించండి. గుట్ట మీద రక్షణకి 3 కలుస్తుంది, ఇమ్మోర్టల్‌లో వాడికి ఊరికే ఇచ్చిన 3 అక్కడికక్కడే చెల్లు. రెండు టర్న్‌లు కదలకుండా కోటకట్టి కూర్చుంటే ఇంకో 6. మొత్తం 29. ఈగిల్ వారియర్ 31కి ఇది మరీ తీసిపోయేదేం కాదు. ఇప్పుడు వెనక నలుగురు ఆర్చర్లు. ఆర్చర్ బాణం బలం 25, రెండు గడుల దూరం నుంచి వేస్తాడు, వేసినందుకు తిరుగుదెబ్బ ఉండదు. ఒక్కో బాణానికి ఆ ఈగిల్ వారియర్ నూరు ప్రాణంలో పాతిక దాకా పోతుంది. నలుగురూ ఒక్కడి మీదే గురిపెట్టాలి, తలా ఒకణ్ని కాదు. ఒక టర్న్‌కి ఒకడు పడిపోతాడు, లేదా కొన ఊపిరితో వెనక్కి పోతాడు. నాలుగైదు టర్న్‌లు గడిచేసరికి దండు చెదిరిపోతుంది, ఆ తర్వాత వాడే సంధికి వస్తాడు, కొన్నిసార్లు బంగారం ఇచ్చి మరీ. గోడలు కూడా లేస్తే ఊరే బాణాలు వేస్తుంది. గోడలున్న ఊరిని ముట్టడించడం ఈ ఆటలో కంప్యూటర్‌కి మొదటి నుంచీ సరిగ్గా రాదు. దండు సరిహద్దులో కనబడ్డాక స్లింగర్లని మొదలుపెట్టడం మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

సేవ్ గురించి అడిగారు. చెయ్యి జారి పొరపాటున వేరే గడిలో నొక్కితే వెనక్కి వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. యుద్ధంలో పాచిక బాగా పడేదాకా పదిసార్లు తెరవడం మాత్రం వద్దు. మోసమని కాదు, మీకేమీ నేర్పదు. ఇంకో రకం వాడకం ఉంది, దాన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. మొదటి టర్న్‌లోనే సేవ్ చేసి పెట్టుకోండి. వంద టర్న్‌లు ఆడి, గెలుపోటములతో పనిలేకుండా ఆపేయండి. నోట్సు చూసుకుని అదే మ్యాప్‌లో మొదటి టర్న్ నుంచి మళ్లీ ఆడండి. మ్యాప్ తెలిసిపోయింది కదా అంటారు, తెలియనివ్వండి. అదే నేల మీద రెండోసారి మూడు ఊళ్లు ఎక్కువ వచ్చాయంటే, ఆ మూడూ మొదటిసారి మీరు వదులుకున్నవే. మీకున్న గంటన్నరలో రెండు మూడు రాత్రులకి ఒక వంద టర్న్‌లు తెమిలిపోతాయి.

మెట్టు ఎప్పుడు ఎక్కాలి? కింగ్‌లో వేర్వేరు నాయకులతో రెండు ఆటలు గెలవండి, ఒకటి మంచి నేల మీద, ఒకటి చెత్త నేల మీద. రెండోది ముఖ్యం. మంచి నేల దొరికేదాకా కొత్త మ్యాపులు తిరగేసి గెలిస్తే గెలిచింది మ్యాపు. తర్వాత ఎంపరర్. అక్కడ వాడు ఇద్దరు సెట్లర్లతో దిగుతాడు కాబట్టి నిజమైన కుదుపు అక్కడే, రెండు మూడు ఆటలు పోతాయి, పోనివ్వండి. ఎంపరర్ నుంచి ఇమ్మోర్టల్‌కి వెళ్లడం మీరు అనుకున్నంత కష్టం కాదు, సెట్లర్లు అక్కడా ఇద్దరే. డీటీలో మళ్లీ మూడో సెట్లర్, మళ్లీ కుదుపు. డీటీ గురించి ఇప్పుడే టెన్షన్ పెట్టుకోకండి. 1991లో వచ్చిన మొదటి సివిలైజేషన్‌లో ఆ లెవెలే లేదు, ఎంపరర్‌తో సరి. డీటీ రెండో ఆటలో వచ్చి చేరింది.

ప్రిన్స్‌లోనే ఉండిపోనా అన్నారు. ఉండొచ్చు. రోజంతా క్యాష్ కౌంటర్‌లో కూర్చుని వచ్చి రాత్రి పదింటికి ఎవరో రాజధాని లాక్కుంటే చూస్తూ కూర్చోవాలని ఏ రూలూ లేదు. కానీ మీరు రాసిందాన్ని బట్టి మీకు విసుగొస్తోంది, గెలుపు ముందే తెలిసిపోతోంది. విసుగు లేకపోతే కదలొద్దనే చెప్పేవాణ్ని. ఉంది కాబట్టి కింగ్.

ఇక మీ బామ్మర్ది. డీటీలో గెలిచేవాళ్లు నిజంగానే బాగా ఆడతారు, అందులో అనుమానం లేదు. అయితే ఈసారి ఇంటికి వచ్చినప్పుడు నవ్వనిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని కొత్త ఆట మొదలుపెట్టమనండి. ఎన్ని మ్యాపులు తిరగేశాక ఒకటి ఖాయం చేస్తాడో లెక్కపెట్టండి. మొదటి పది టర్న్‌లు ఏం కడుతున్నాడో, ఏ టర్న్‌లో సెట్లర్ బయటికి వస్తున్నాడో రాసుకోండి. స్టోన్‌హెంజ్ కట్టవా అని అమాయకంగా అడిగి చూడండి. వాడు చెప్పే జవాబులో సగం నేను రాసిందే ఉంటుంది, మిగతా సగం నాకూ కావాలి. ఈసారి ఉత్తరంలో రాయండి.